పట్టీ కట్టిన వేలు, తొడుగు తొడిగిన వేలు

మా వదిన రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని నా గదిలోకి వచ్చింది. వెనకాల మా అన్నయ్య ఆమె చేతిసంచీ, ఎక్స్‌రే కవరూ మోసుకుంటూ, తప్పంతా తనదే అన్నట్టు మొహం పెట్టుకుని వచ్చాడు. ఆమె రెండు నడివేళ్ళూ మధ్య కణుపు దగ్గర ముడి వేసినట్టు ఉబ్బిపోయి ఉన్నాయి.

నేను ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టును. అందులోనూ చేతుల వరకే నా పని. రెండో అంతస్తులో వరండా చివరి గది నాది. ఒక బల్ల, మూడు కుర్చీలు, పిసకడానికి మెత్తటి ముద్దలున్న డబ్బా, చిల్లుల పలక, అందులో గుచ్చి తీసే చెక్కపుల్లలు, బట్టలకు పెట్టే క్లిప్పులు ఓ గుప్పెడు. కొత్తవాళ్ళు చూస్తే చిన్నపిల్లల బడి అనుకుంటారు.

వదిన సాక్సులు అల్లే ఫ్యాక్టరీలో మిషన్ల మెకానిక్కు. నలభై ఆరేళ్ళ మనిషి. అక్కడ అందరూ ఆమెను పానా అక్క అంటారు. ఏ మిషను మొరాయించినా పానా పట్టుకుని దాని పొట్టలో తలదూర్చేది ఆమే కాబట్టి. ఏటా ఫ్యాక్టరీలో మిషన్ల సెక్షనుకూ ప్యాకింగు సెక్షనుకూ ఫుట్‌బాల్ పోటీ జరుగుతుంది. గోల్ దగ్గర నిలబడమంటే మిగతావాళ్ళంతా తలోవైపు జారుకున్నారట. ఈవిడ నిలబడింది. దూసుకొచ్చిన బంతి సూటిగా రెండు చేతుల వేళ్ళ కొసలకూ ఒకేసారి తగిలింది. గోల్ మాత్రం పడలేదు. ఆ మాట డాక్టరుకు చెప్పింది, ఎక్స్‌రే తీసినాయనకు చెప్పింది, మెట్ల దగ్గర కాపలా మనిషికి కూడా చెప్పిందని అన్నయ్య గొణిగాడు.

ఎముకలు విరగలేదు. కణుపును రెండు పక్కలా పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు బెణికాయి. వేలి మధ్య కణుపు చాలా మొండి ఘటం. వాపు వారంలో పోతుందనుకుంటారు గానీ నెలలు పడుతుంది. ఆ వాపును అదుపులో పెట్టడానికి వేలిని చుట్టూ మెత్తగా నొక్కి ఉంచాలి. మధ్యమధ్య వేలు వంచుతూ ఉండాలి. నేను సొరుగు లాగి, తనకు తనే అంటుకునే సాగే పట్టీ తీసి ఎడమ వేలికి చుట్టడం మొదలుపెట్టాను. కొస నుంచి అరచేతి వైపుకు, సగం మీద సగం ఎక్కేలా, ఎక్కువ లాగకుండా. గోరు బయటికి కనిపిస్తూ ఉండాలనీ, రంగు మారినా తిమ్మిరెక్కినా వెంటనే విప్పెయ్యాలనీ చెబుతున్నాను. వదిన వినడం లేదు. సొరుగులోకి తొంగి చూస్తోంది.

సొరుగులో వేలి తొడుగుల ప్యాకెట్టు ఒకటి పడి ఉంది. ఎప్పుడో ఒక కంపెనీ మనిషి ఇచ్చి వెళ్ళాడు. సన్నటి గొట్టంలా అల్లిన సాగే తొడుగులు, బొమ్మకు తొడిగే సాక్సుల్లా ఉంటాయి. నేను పెద్దగా వాడను. వదిన ఒకటి తీయించి, తిరగేయించి, అన్నయ్యతో అటూ ఇటూ సాగదీయించి, వెలుతురుకు పట్టించి చూసింది. అల్లిక వరసలు లెక్కపెట్టింది. ఇది వేలిని ఎంత గట్టిగా నొక్కుతుందని అడిగింది. నాకు తెలియదన్నాను. మరి నీ పట్టీ ఎంత నొక్కుతుందని అడిగింది. అది కట్టే చేతిని బట్టి ఉంటుందన్నాను.

"ఈ రెంట్లో ఏది మంచిది చిట్టీ?"

పట్టీయే అన్నాను.

"నీకెలా తెలుసు?"

నాకు పని నేర్పిన మేడమ్ పట్టీ కట్టేది. ఆమె కట్టేది కాబట్టి నేనూ పదకొండేళ్ళుగా కడుతున్నాను. వాపులు తగ్గేవి. పట్టీ కట్టకపోతే తగ్గేవి కావా, తొడుగు తొడిగితే ఇంకా తొందరగా తగ్గేవా అని నన్ను నేను ఒక్కనాడూ ప్రశ్నించుకోలేదు.

వదిన తన రెండు చేతులూ నా బల్ల మీద పరిచింది. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే బంతి, రెండు వేళ్ళు. ఇలాంటి అవకాశం మళ్ళీ కావాలంటే ఇంకో గోల్ ఆపాలి, అది నా వల్ల కాదు, కాబట్టి ఒకదానికి పట్టీ కట్టు, ఒకదానికి తొడుగు వెయ్యి, ఏది గెలుస్తుందో చూద్దాం అంది. ఒక మనిషి మీద చూస్తే ఏదీ రుజువు కాదని చెప్పాను. రుజువు ఎవరికి కావాలి, నాకు చూడాలని ఉంది అంది. అన్నయ్య కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. వేళ్ళతో ఆటలేమిటని అతని బాధ.

డాక్టరుగారిని అడిగితే, రెండూ వాడే పద్ధతులే కదా, రక్తం ఆడుతోందో లేదో చూసుకుంటే చాలన్నారు. ఏ చేతికి ఏది అన్నది మా ఇష్టానికి వదలకుండా చీటీలు వేశాం. ఎడమ చేతికి పట్టీ, కుడి చేతికి తొడుగు వచ్చాయి.

ప్రతి శనివారం పని నుంచి వస్తూ వదిన నా గదికి వచ్చేది. కొలత టేపును కణుపు చుట్టూ తిప్పి ఎన్ని మిల్లీమీటర్లో రాసేదాన్ని. కోణం కొలిచే పరికరం పెట్టి వేలు ఎంత వంగుతోందో రాసేదాన్ని. రెండో కొలత ఇంట్లో, ఆదివారం. అది మా నాన్న పని.

నాన్న అన్నయ్య దగ్గరే ఉంటాడు. నలభై ఏళ్ళు ఉంగరాలు చేసిన చేతులు. దుకాణం మానేసినా, సన్నటి దాని నుంచి లావు దాని దాకా వరసగా గుచ్చిన కొలత ఉంగరాల గుత్తిని మాత్రం వదల్లేదు. కోడలి వేళ్ళ సంగతి తెలియగానే గుత్తి తుడిచి సిద్ధం చేసుకున్నాడు. కణుపు దాటి లోపలికి వెళ్ళే ఉంగరం నంబరేమిటో చూస్తే వాపు ఎంతో తెలిసిపోతుంది, నొప్పి లేకుండా దూరినంత వరకే చూస్తానన్నాడు.

అక్కడే మాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఏ వేలికి ఏ వైద్యమో కొలిచేవాడికి తెలియకూడదు. తెలిస్తే మనసు ఎటో ఒకవైపు మొగ్గుతుంది. నాన్నకు చెప్పకుండా దాద్దామనుకున్నాం. వదిన తలుపు తెర వెనక కూర్చుని, అట్టపెట్టెకు చేసిన కన్నంలోంచి ఒక్క వేలు బయటపెట్టింది. నాన్న ఆ వేలిని ఇలా పట్టుకుని అలా తిప్పాడు.

"ఇది కుడిచెయ్యి. పానా పట్టే వేలు. ఈ పక్కన కాయ కాసింది చూడు. దీనికి సాక్సు తొడిగారు, అల్లిక అచ్చు పడింది."

తెర వెనక వదిన నవ్వు ఆపుకోలేక పెట్టెను కింద పడేసింది. రెండో ఆదివారం అరగంట ముందే రెండూ తీసేసి, అచ్చులు మాసిపోయాక చూపించాం. అప్పుడు ఆయన చర్మం మెత్తదనాన్ని బట్టి చెప్పేశాడు. పట్టీ కింద చెమట నిలుస్తుందట. చివరికి మేమే ఓడిపోయి, ఏది ఏదో తెలిసినా సరే నీకు ఏ వైద్యం మీదా ప్రేమ లేదు కదా అని అడిగాం. నాకు రెండూ ఒకటే, ఉంగరం దూరుతుందా లేదా అన్నదే నాకు కావాలి అన్నాడు. ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు, నేనూ మామూలుగానే విన్నాను.

మూడు వారాలు గడిచేసరికి నా పుస్తకంలో పట్టీ గెలుస్తోంది. ఎడమ వేలు కుడి వేలి కన్నా మూడు మిల్లీమీటర్లు ఎక్కువ తగ్గింది. నాకు లోలోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. చూశావా అన్నట్టు వదినకు పుస్తకం చూపించాను. ఆమె చూసి, మావయ్యగారి కాగితం వేరేలా చెబుతోందే అంది. తెప్పించి చూశాను. నాన్న లెక్కలో రెండు వేళ్ళకూ ఒకే నంబరు ఉంగరం దూరుతోంది. మొదటి రోజు కూడా రెండూ సమానంగానే ఉన్నాయి. అంటే ఆయన లెక్కన ఎవరూ గెలవలేదు.

నాన్నకు డెబ్భై మూడేళ్ళు. కళ్ళు సరిగా ఆనడం లేదేమో అన్నాను. గట్టిగా కాదు, గొంతు తగ్గించే అన్నాను, కానీ ఆయన విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, నువ్వెలా కొలుస్తావో ఒకసారి నా ముందు కొలిచి చూపించమన్నాడు.

భోజనాల బల్ల మీద వదిన చేతులు పెట్టింది. ముందు ఎడమది కొలిచాను, తరవాత కుడిది. నాన్న వేళ్ళ వంక చూడలేదు, నా చేతుల వంకే చూశాడు. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ కొలిచాను. మూడోసారి కూడా కొలిపించాడు.

"ఎడమ వేలికి చుట్టేటప్పుడు టేపు లాగుతున్నావమ్మా. కుడి వేలికి ఊరికే ఆనించి వదిలేస్తున్నావు."

లేదన్నాను. మూడుసార్లూ అంతే చేశావన్నాడు. వదినను చూశాను. ఆమె తల దించుకుని, ఎడమ వేలి మీద టేపు అంచు చేసిన సన్నటి గీతను చూపించింది. కుడి వేలి మీద గీత లేదు.

నేను కావాలని చేయలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, అయినా నా చెవులు వేడెక్కిపోయాయి. పదకొండేళ్ళలో వందల వేళ్ళు ఇలాగే కొలిచాను. తగ్గాలని నేను అనుకున్న చోటల్లా నా వేళ్ళే తగ్గించేశాయేమో. ఎన్ని కాగితాల మీద ఎన్ని అంకెలు అలా రాశానో ఎవరికి తెలుసు. ఆ పూట అక్కడ కాఫీ కూడా తాగకుండా ఇంటికి వచ్చేశాను.

రెండు రోజులు వదినకు ఫోను చేయలేదు. మూడో రోజు ఆమే నా గదికి వచ్చింది, శనివారం కాకపోయినా. ఇంత చిన్నదానికి మొహం చాటేస్తావా, వేలు నీ చేతిలో పెట్టిన నేనే ఏమీ అనుకోవడం లేదు, నీకెందుకు ఇంత బాధ అంది. ఈ ఆట ఇక ఆపేద్దామన్నాను. ఆమెకు ఆ మాట అర్థం కానట్టే ఉంది. ఇప్పుడే కదా అసలు ఆసక్తి మొదలైంది, ఎక్కడ తప్పు జరుగుతోందో దొరికింది, మిషన్లో అది దొరికితే సగం పని అయినట్టే అంది. సంచీలోంచి ఒక టేపు తీసి బల్ల మీద పెట్టింది. నా టేపు లాంటిదే, కానీ దాని కొసకు ఒక ఇనుప నట్టు వేలాడుతోంది.

ఫ్యాక్టరీలో సాక్సు అంచు ఎంత సాగుతుందో చూడాలంటే చేత్తో లాగరట. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కోలా లాగుతుంది కదా. ఒకే బరువు వేలాడదీసి కొలుస్తారు. టేపును వేలి చుట్టూ తిప్పి, కొసను కిందికి వదిలేస్తే నట్టు ఎంత లాగితే అంతే. సోమవారమైనా, శనివారమైనా, ఎడమైనా, కుడైనా నట్టు బరువు మారదు. ఎవరిమీదా దానికి అభిమానం ఉండదు.

మొదటిసారి నట్టుతో కొలిచిన రోజు నా పుస్తకమూ నాన్న కాగితమూ ఒకే మాట చెప్పాయి. ఎనిమిదో వారం దాకా అలాగే సాగింది. ఒక వారం ఎడమ వేలు అర మిల్లీమీటరు ముందుంటే, ఇంకో వారం కుడిది ముందుండేది. వంగడంలో మాత్రం కుడి వేలు కాస్త మెరుగ్గా ఉంది. అది తొడుగు గొప్పతనమా, లేక రోజంతా పానా పట్టి తిప్పే చెయ్యి కావడం వల్లా అన్నది తేలలేదు. చీటీలు అటుది ఇటు పడి ఉంటే ఏమయ్యేదో అని వదినా నేనూ చాలాసేపు మాట్లాడుకునేవాళ్ళం. అన్నయ్య మధ్యలో వచ్చి విని, తల పట్టుకుని వెళ్ళిపోయేవాడు.

ఎనిమిదో వారం కొలత అయిపోయాక వదిన తలుపు దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి కూర్చుంది. ఒక మాట చెబుతాను, అరవకూడదు అంది.

పట్టీని ఆమె రోజంతా కట్టుకోవడం లేదు. మొదటి వారంలోనే సంగతి తెలిసింది. దానికి జిగురుగుణం కదా, మిషన్ దగ్గర గాలిలో ఎగిరే దూదినూగంతా దానికి పట్టుకుంటోంది. నూనె అంటితే ఊడిపోతోంది. సూదుల మధ్య చెయ్యి పెట్టినప్పుడు అంచు తగులుకుంటే ప్రమాదం. అందుకని పొద్దున ఫ్యాక్టరీకి వెళ్ళగానే విప్పేసి, సాయంత్రం ఇంటికొచ్చాక మళ్ళీ కట్టుకుంటోంది, శనివారాలు మాత్రం నా గదిలోకి వచ్చే ముందు వరండాలోనే కట్టుకునేదట. కుడి చేతి తొడుగు మాత్రం అలాగే ఉంచుకుంది, పైన పని గ్లౌజు వేసుకుని.

"ముందే చెబితే లెక్క పాడైందని ఆపేస్తావని భయం వేసింది. ఆపేస్తే చివరికి ఏమవుతుందో తెలిసేది కాదు కదా."

నాకు నిజంగా కోపం వచ్చింది. ఎనిమిది వారాలు టేపు చుట్టి, ఉంగరాలు తొడిగి, కోణాలు రాసి, తీరా కొలిచింది మేము అనుకున్నది కానే కాదు. ఏం మనిషివి వదినా అన్నాను. ఆడపడుచు పెత్తనం ఇవాళ చూస్తున్నాను అని ఆమె నవ్వించబోయింది. నేను నవ్వలేదు. ఆమె వెళ్ళిపోయాక పుస్తకం మూసి సొరుగులో పడేశాను.

కానీ పోలేదు ఆ ఆలోచన. బస్సులో నిలబడి ఉంటే మళ్ళీ వచ్చింది. రోజంతా వేసుకున్న తొడుగూ, పగలంతా విప్పేసిన పట్టీ, రెండూ ఒకేలా పనిచేశాయి. అంటే ఏమిటి? నొక్కి ఉంచడం రాత్రి పూట ఉంటే చాలా? లేక పట్టీకి అంత బలం ఉండి, సగం సమయంలోనే తొడుగును అందుకుందా? లేక కణుపు తన సమయానికి తనే తగ్గుతోందా, మేం చుట్టినవీ తొడిగినవీ మా తృప్తి కోసమేనా? ఆ చివరి ప్రశ్న దగ్గర నా స్టాపు దాటిపోయింది. తరవాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను.

ఇంకో సంగతి కూడా ఆ నడకలోనే తట్టింది. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో వదిన లాంటివాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? గదిలోంచి బయటికి వెళ్ళి పట్టీ విప్పేసి, వచ్చే వారం వరండాలో మళ్ళీ కట్టుకుని లోపలికి వచ్చేవాళ్ళు? సోమవారం నుంచి అందరినీ అడగడం మొదలుపెట్టాను. కసురుకోకుండా, తప్పు పట్టకుండా అడిగితే చెప్పారు. గిన్నెలు తోమే ఆవిడ, తడిసిపోతుందని తీసేస్తున్నానంది. టైపింగు చేసే ఆయన, అక్షరాలు తప్పు పడుతున్నాయని తీసేస్తున్నాడు. ఒక టీచరమ్మ మాత్రం, పిల్లలు ఏమైందని అడిగి జాలి చూపిస్తున్నారని రోజంతా ఉంచుకుంటోంది. వారంలో పదకొండుమందిని అడిగితే ఏడుగురు విప్పేస్తున్నవాళ్ళే. ఇన్నేళ్ళూ వాళ్ళందరి కాగితాల మీద నేను పట్టీ అని రాశాను.

ఆదివారం వదిన ఇంటికి వెళ్ళాను. ఆమె వంటింట్లో ఉంది. నేను రావడం చూసి పొయ్యి తగ్గించి, ఇంకా కోపమేనా అని అడిగింది. లేదని చెప్పి, ఈ ఏడుగురి సంగతి చెప్పాను. ఆమె గరిటె పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. నాన్న కూడా వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. పట్టీకి నూగు అంటకుండా పైన సన్నటి తొడుగు వేస్తే ఎలా ఉంటుందని ఆయన అడిగాడు. అప్పుడు రెండూ కలిపి మూడోది అవుతుంది మావయ్యా, లెక్క ఇంకా పెరుగుతుంది అంది వదిన. కూర అడుగంటిన వాసన వచ్చేదాకా ఎవరం లేవలేదు.

సోమవారం పుస్తకం, నాన్న కాగితాలు, నట్టు టేపు పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. నా చెయ్యి టేపును లాగిన సంగతి కూడా దాచలేదు. చీవాట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాను. ఆయన పేజీలు తిప్పారు, నట్టును వేలి మీద వేలాడదీసి చూసుకున్నారు, రెండు రోజులు ఉంచుకుంటానని అన్నీ పుచ్చుకున్నారు. మూడో రోజు పిలిచి, ఆసుపత్రి అనుమతి కోసం కాగితం రాసిచ్చారు. ఒప్పుకున్న రోగులకు మాత్రమే, చీటీ వేసి, పట్టీయో తొడుగో. కట్టేది నేను, కొలిచేది వేరే గదిలో ఇంకొకరు, ఏ వైద్యమో వాళ్ళకు చెప్పకుండా. రోజులో ఎన్ని గంటలు ఉంచుకున్నారో రోగే రాసుకోవాలి, ఎంత తక్కువ రాసినా ఎవరూ ఏమీ అనకూడదు. ఈ చివరి షరతు ఆయన పెట్టలేదు, వదిన పట్టుబట్టి నా చేత అడిగించి రాయించింది. అనుమతి రావడానికి రెండు నెలలు పట్టింది.

ఈలోగా వదిన వేళ్ళు చాలావరకు కుదురుకున్నాయి. పిడికిలి గట్టిగా బిగుసుకుంటోంది. కణుపులు మాత్రం రెండూ ఇంకా కొంచెం లావుగానే ఉన్నాయి, అలాగే ఉండిపోవచ్చు కూడా. అందుకు ఆమె పెద్దగా బాధపడలేదు. తొడుగు అల్లికలో ఎలాస్టిక్ దారం ఎన్ని వరసలకు ఒకటి వస్తే వేలికి ఎక్కించడం తేలికో, పాత మిషను ఒకటి అడిగి తీసుకుని చూసుకుంటోంది.

అనుమతి వచ్చాక మొదట వచ్చింది ఒక ప్లంబరు. పైపు బిగిస్తుంటే పానా జారి వేలు వెనక్కి విరుచుకుందట. ఎముక విరగలేదని ఎక్స్‌రేలో తేలింది. నేను పట్టీనీ తొడుగునూ రెండూ బల్ల మీద పెట్టి సంగతి మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, అందరూ అడిగేదే అడిగాడు, రెండింట్లో ఏది మంచిదని.

"తెలీదండీ," అన్నాను.

తెలియకుండానే ఇన్నాళ్ళూ కట్టారా అన్నాడు. కట్టానన్నాను. ఆయన నవ్వలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. తొడుగును బాగున్న చేత్తో తీసుకుని సాగదీసి చూశాడు. పట్టీ కొస వాసన చూశాడు. నీళ్ళలో తడిస్తే ఏది తొందరగా ఆరుతుందని అడిగాడు. అదీ నాకు తెలియదు. రాసుకుంటానని పుస్తకం తెరిచాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.